హోమ్ థియేటర్ కోసం 2.4 లక్షల ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నెలకు చేతికి 85,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 27,000, ఇంటి ఖర్చులు 35,000. బ్యాంకులో 1.6 లక్షలు ఉన్నాయి. హాల్లో 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) పెట్టించాలని ఎప్పటి నుంచో కోరిక. స్పీకర్లకు సౌండ్ పంపే రిసీవర్, స్పీకర్లకు కలిపి 1.95 లక్షలు, కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే ఆన్‌లైన్ యూపీఎస్‌కు 45,000 అని షాపులో కొటేషన్ ఇచ్చారు. 12 నెలల నోకాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇలా తీసుకోకండి. కోరికలో తప్పేం లేదు, కొనే పద్ధతే మార్చుకోవాలి. మీకు నెలకు మిగిలేది 23,000. అందులో 20,000 ఈఎంఐకి పోతే ఏడాదంతా 3,000తో నెట్టుకురావాలి. ఈలోగా ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది వస్తే బ్యాంకులో ఉన్నది మూడు నెలలకు కూడా చాలదు.

నోకాస్ట్ అంటే నిజంగా ఖర్చు లేనిదని అనుకోవద్దు. వడ్డీ మేరకు ధరలో తగ్గిస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ క్రెడిట్ కార్డు మీదే పడుతుంది. 16 శాతం వడ్డీ అనుకుంటే ఆ జీఎస్టీ సుమారు 3,500. ప్రాసెసింగ్ ఫీజు వేరు. పైగా మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు దొరికే బేరం మీకు దొరకదు.

ఇక ఆ యూపీఎస్. దాన్ని కొటేషన్‌లోంచి తీయించేయండి. మామూలు సౌండ్‌లో సినిమా చూస్తుంటే రిసీవర్ వాడేది వంద, నూటయాభై వాట్లే. దానికి 45,000 పెట్టక్కర్లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టీవీ దగ్గరి ప్లగ్‌లో ఎర్తింగ్ చూపించండి. మల్టీమీటర్ పెడితే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించి రాకూడదు. పాత అపార్ట్‌మెంట్లలో ప్లగ్‌కు మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరే ఉండదు! ఎర్త్ సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునేది) పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఎర్తింగ్ బాగుచేయించి, మంచి సర్జ్ ప్రొటెక్టర్, మీ ఏరియాలో వోల్టేజీ బాగా ఊగుతుంటే ఒక స్టెబిలైజర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా పీకేయండి, పిడుగు దెబ్బ దాని గుండా కూడా వస్తుంది.

మిగిలే 23,000లో 15,000 అత్యవసర నిధికి, 8,000 థియేటర్ కోసం ఆర్డీలో వేయండి. బ్యాంకులో ఉన్న 1.6 లక్షలతో కలిపి ఏడాదికి అత్యవసర నిధి 3.4 లక్షలకు చేరుతుంది, అంటే ఐదు నెలల ఖర్చు పైనే. థియేటర్‌కు 96,000 చేతికొస్తాయి. మంచి స్పీకర్లు జాగ్రత్తగా వాడితే పదిహేను, ఇరవై ఏళ్లు పలుకుతాయి. రిసీవర్ అలా కాదు, టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ వెర్షన్లు మారేకొద్దీ పాతబడిపోతుంది. అందుకే రిసీవర్ 5.1కు సరిపడేది 40,000 దాటకుండా తీసుకోండి. ముందు రెండు స్పీకర్లకు, డైలాగులు స్పష్టంగా వినిపించే సెంటర్ స్పీకర్‌కు కలిపి 50,000. మిగిలిన 6,000 ఎర్తింగ్, ప్రొటెక్టర్‌కు. సబ్‌వూఫర్, వెనక స్పీకర్లు రెండో ఏడాది ఆర్డీ డబ్బుతో కొనండి, రిసీవర్ మార్చే పనుండదు.