ఆ వైరు పీకి డ్రాయర్‌లో పెట్టు

చిన్నా,

విడిభాగాలు తెప్పించుకుని కంప్యూటర్ నువ్వే బిగించావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మొదటిసారే ఆన్ అయిందట కదా! భలే సంతోషమేసింది. అంతలోనే, "యాంటీవైరస్ వట్టి దండగట అక్కా, విండోస్‌తో వచ్చినదాన్ని కూడా ఆపేస్తాడట, గేమ్‌లు ఫాస్ట్‌గా నడుస్తాయట" అంది. అప్పట్నుంచి నాకు టెన్షనే. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ఉద్యోగమంతా ఆఫీసు కంప్యూటర్లు చూసుకుంటూ గడిపినదాన్ని, కాస్త ఓపిగ్గా చదువు.

నీ మాటలో సగం నిజమే. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనక్కర్లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది, మామూలు వాడకానికి అది చాలు. మా రోజులు వేరు. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అంటూ ఒక మెయిల్ వచ్చింది. జత చేసిన ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని కనిపించేది. అంటే మామూలు రాత ఫైలనిపించేది. దాని వెనక ఉన్న వీబీఎస్ అనే అసలు తోకను, అంటే అది ప్రోగ్రామ్ అని చెప్పేదాన్ని, విండోస్ దాచేసేది. ప్రేమలేఖ అనుకుని తెరిస్తే చాలు, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ అదే మెయిల్ తనంతట తానే వెళ్లిపోయేది. ఇన్నేళ్లయినా విండోస్ ఆ తోకలు దాచే అలవాటు మానుకోలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్ పెట్టు. ఇవాళే పెట్టు.

ఉచితమే కదా అని బయటిది ఇంకోటి వేసుకోకు. తన యాంటీవైరస్ వాడేవాళ్లు ఏయే సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకుందని అవాస్ట్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాపలా కాయాల్సినవాళ్లే అలా చేస్తే ఎవరితో చెప్పుకుంటాం?

అప్‌డేట్లు వాయిదా వేయకు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ లోకాన్నంతా అతలాకుతలం చేసింది కదా, దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. రోజూ వాడుకోవడానికి అడ్మిన్ కాని మామూలు ఖాతా ఒకటి తెరుచుకో. బ్రౌజర్‌లో "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని వస్తే అది మోసమే, బ్రౌజర్ మూసేయ్.

ఇక అసలు సంగతి. మీ పెదనాన్నకి వీడియోలు ఎడిట్ చేయాలని సరదా పుట్టిన రోజులు నీకు గుర్తుండవు, నువ్వప్పుడు చిన్నవాడివి. సాఫ్ట్‌వేర్ కొనడం ఇష్టంలేక ఎక్కడో క్రాక్, అంటే కొనకుండానే దాన్ని నడిపించే దొంగ ప్రోగ్రామ్, వెతికి పట్టుకున్నారు. దాంతోపాటు రీడ్‌మీ అని ఒక ఫైలు. అందులో మొదటి లైనే "ముందు యాంటీవైరస్ ఆపేయండి, ఇది తప్పుగా వైరస్ అని చూపిస్తుంది" అని. పాపం దొంగ నిజాయితీగానే రాశాడు! ఈయనేమో చెప్పింది చెప్పినట్టు చేశారు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే.

ఆయనకి బ్యాకప్ తీసుకునే మంచి అలవాటే ఉండేది. కానీ కేబుల్ పెట్టడానికి ప్రతిసారీ టేబుల్ కిందకి వంగాలని, హార్డ్ డ్రైవ్‌ని ఎప్పుడూ తగిలించే ఉంచేవారు. ఆ రాత్రి పడుకోబోతుంటే డ్రైవ్ మీద నీలం లైటు ఆగకుండా మిణుకుతోంది. "బ్యాకప్ అవుతున్నట్టుంది" అన్నారు. పొద్దున చూస్తే ఫోటోల బొమ్మలన్నీ తెల్ల కాగితాలైపోయాయి. ప్రతి ఫైలు పేరు చివరా ఏదో పిచ్చి అక్షరాల తోక, ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు కట్టమని ఒక ఉత్తరం. బ్యాకప్ డ్రైవ్ తెరిస్తే అక్కడా అదే. ఆ క్రాక్‌తో వచ్చిన వైరస్‌కేం తెలుస్తుంది చిన్నా, ఇది అసలు, ఇది నకలు అని? కంప్యూటర్‌కి కనిపించే ప్రతి డ్రైవ్‌నీ వరసగా పాడుచేసుకుంటూ పోయింది.

డబ్బు కట్టలేదు, కట్టినా తిరిగొస్తాయన్న నమ్మకం లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో ఇలా ఫైళ్లకి తాళం వేసే వైరస్‌లలో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మాకు తగిలిన రకానికి అక్కడ దొరకలేదు. అమ్మమ్మ ఫోటోలు, నువ్వు తప్పటడుగులు వేసిన వీడియో, అన్నీ పోయాయి. మీ అమ్మ ఫోన్‌లో మిగిలినవి నాలుగైదు, అవీ మసకే. పెదనాన్న నెలల తరబడి ఆ టేబుల్ దగ్గర కూర్చోలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

ఇప్పటి దొంగలు అంత హడావుడి కూడా చేయరు. గేమ్ చీట్ అనో మోడ్ అనో వేసుకుంటావు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, నువ్వు లాగిన్ అయి ఉన్నావని సైట్లకి చెప్పే కుకీలు చప్పుడు లేకుండా పట్టుకుపోతారు. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డ్ తెలియకపోయినా నీ ఖాతాలోకి దూరొచ్చు. వాటి పక్కనా అదే మాట రాసుంటుంది, "యాంటీవైరస్ ఆపండి" అని. అది కనిపించిన చోట ఆగిపో, బంగారు కొండవి. గేమ్ నెమ్మదించిందనిపిస్తే పూర్తి స్కాన్ నువ్వు ఆడని వేళకి పెట్టుకో. విండోస్ సెక్యూరిటీలో టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లోనే ఉండనీ, వేరే ప్రోగ్రామ్‌లు డిఫెండర్‌ని చాటుగా ఆపేయకుండా చూసేది అదే.

బ్యాకప్‌కి ఒక డ్రైవ్ కొనుక్కో. కాపీ అవ్వగానే వైరు పీకి డ్రాయర్‌లో పెట్టు. బద్ధకమనిపిస్తే నన్ను తిట్టుకుంటూనైనా పీకు. అప్పుడప్పుడూ అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడు, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

అన్నట్టు, మీ నాన్న ల్యాప్‌టాప్ ఇంకా విండోస్ 10 మీదే ఉందా? దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల వివరాలు వస్తూనే ఉన్నా, పొడిగింపుకి నమోదు చేసుకోకపోతే విండోస్‌లో బయటపడే లోపాలకి మాత్రం మందు రాదు. పనిలో పనిగా అదీ చూడు. విండోస్ 11 ఎక్కనంటే మోడల్ నంబరు నాకు పంపు.

పెద్దమ్మ