12డి ఫారం పట్టుకెళ్ళే ముందు ఆ పెద్దావిడనే అడుగు

తమ్ముడూ, ఇంటి దగ్గర ఓటేసే పెద్దవాళ్ళ పని ఈసారి మన పార్టీవాళ్ళు నీకు అప్పజెప్పారని విన్నాను, చాలా సంతోషం, నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే ఓటేస్తామని 12డి ఫారం ఇవ్వచ్చు. 2023 తెలంగాణ ఎన్నికలప్పుడు 80 ఏళ్ళే, 2024లో 85 చేశారు, పాత లెక్క చెప్పి ఎవరికీ ఆశ పెట్టకు. వయసంటే ఓటరు జాబితాలో ఉన్నదే. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజులే గడువు, అందుకే ఎవరెవరున్నారో, వైకల్యం ఎంతో చూపే సదరం సర్టిఫికెట్ ఎవరి దగ్గరుందో ఇప్పుడే చూసి పెట్టుకో.

ఇంటికెళ్ళగానే కొడుకుతోనో కోడలితోనో మాట్లాడి వచ్చేయకు. మంచం పక్కన కూర్చుని ఆ పెద్దావిడనే అడుగు, ఇంట్లో వేస్తారా, బూత్‌కి వస్తారా అని. ఎందుకంటే 12డి ఒప్పుకున్నాక జాబితాలో పేరు దగ్గర పీబీ, అంటే పోస్టల్ బ్యాలెట్, అని పడుతుంది, ఇక బూత్‌లో ఓటు ఉండదు.

2024లో మా వీధి మామ్మ ఒకావిడకి నేనే దగ్గరుండి ఫారం పెట్టించాను. ఇంటికొచ్చి ఓటు వేయించుకునే ఎన్నికల టీం వచ్చిన రెండుసార్లూ ఆవిడ కూతురింట్లో ఉంది. మూడోసారి రారని నాకు తెలుసు, అయినా తేదీలు కనుక్కుని చెప్పలేదు. మే 13న ఉతికిన నేతచీర కట్టుకుని, చేతిలో ఓటరు కార్డు పట్టుకుని ఆటో దిగింది. లోపల జాబితా తిప్పి, మీకు ఇక్కడ లేదమ్మా అన్నారు. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే ఫారంలో ఇంట్లో ఎత్తే ఫోన్ నంబరే రాయించు, టీం ఎప్పుడొస్తుందో ముందురోజే వెళ్ళి చెప్పు. సంతకమో వేలిముద్రో ఆవిడదే ఉండాలి, నింపిన ఫారాలు నీ సంచిలో పెట్టుకోకు, నేరుగా బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) చేతికి ఇప్పించు. అవతలి పార్టీ ఇల్లని తెలిసినా గడువు సంగతి చెప్పిరా, అది వాళ్ళ హక్కు. ఓటేసేటప్పుడు మాత్రం దగ్గరికి వెళ్ళకు, చూపు ఆనకపోతే సాయానికి ఎవరు కావాలో ఆవిడే చెబుతుంది.

ఆదివారం మన బూత్ జాబితా పట్టుకుని ఇంటికి రా, పేరు పేరునా చూద్దాం.