వినను అనే హక్కు మీకుంది

ప్రశ్న: మంచం పట్టిన మా అత్తగారు, పరీక్షలకు చదువుకుంటున్న అబ్బాయి, నేను ఒకే ఇంట్లో ఉంటాం. ఎన్నికల కోడ్ వచ్చిన దగ్గర్నుంచి తెల్లారితే మైకు ఆటోలు, ఫోన్ ఎత్తితే నాయకుల రికార్డెడ్ గొంతులు, టీవీ పెడితే అవే ప్రకటనలు. ప్రకటనల కాల్స్ వద్దని చెప్పే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టుకున్నా ఫోన్లు ఆగడం లేదు. రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మా ప్రహరీ గోడ మీద ఒక పార్టీ గుర్తు వేసేశారు. వీటన్నిటినీ ఆపమని కోర్టుకు వెళ్లొచ్చా? విసుగొచ్చి ఈసారి ఓటే వేయొద్దనుకుంటున్నాను. వేయకపోతే ఏమైనా ఇబ్బందా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అన్నిటినీ ఒక మూటగా కట్టి 'ప్రచారం ఆపించండి' అని కోర్టుకు వెళ్తే ఆ పిటిషన్ నిలవదు. ప్రచారం చేసుకోవడం పార్టీల భావప్రకటన స్వేచ్ఛలో భాగం. ఒకే మాట రోజుకు ఎన్నిసార్లు చెప్పొచ్చో ఏ చట్టమూ లెక్క పెట్టలేదు. పోనీ డబ్బు అయిపోయైనా ఆగుతారా అంటే అదీ లేదు. 2022లో సవరించిన నియమాల ప్రకారం మన రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. పార్టీ ఖర్చుకు మాత్రం అలాంటి గీత ఏదీ లేదు. అభ్యర్థి పేరెత్తకుండా పార్టీ గురించి మాత్రమే చెప్పే టీవీ ప్రకటన అభ్యర్థి లెక్కలోకి రాదు. మీ విసుగుకు అసలు కారణం ఈ సందే అని నా అభిప్రాయం. దాన్ని మూయాల్సింది పార్లమెంటు.

అయితే మీరు రాసినవన్నీ ఒకే బాధ కాదు. విడదీసి చూస్తే ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది.

ముందు మైకు సంగతి. శబ్ద కాలుష్యం కేసులో 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీలాంటి వాళ్లకు పెద్ద అండ. మాట్లాడే హక్కు ఒకరికుంటే వినడానికీ, వినను అనడానికీ ఇంకొకరికి హక్కుందనీ, ఎవరి గొంతూ మరొకరి చెవుల్లోకి బలవంతంగా చొరబడకూడదనీ దాని సారాంశం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పగలు వాడాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మీ దగ్గర కొలిచే మీటర్ ఉండదు, కానీ రాత్రి పది దాటాక మైకు మోగిందంటే మీటరే అక్కర్లేదు, అదే ఉల్లంఘన.

చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఇంట్లో రోగి ఉన్నంత మాత్రాన మీ ఇల్లు నిశ్శబ్ద మండలం కాదు. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా నోటిఫై చేసిన చోటికే ఆ రక్షణ. మీ ఇల్లు ఆ పరిధిలో పడితే మాత్రం పగలు కూడా మైకు ఆపించవచ్చు. పడకపోతే డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి రిటర్నింగ్ అధికారికి, స్టేషన్‌కు చెరో అర్జీ ఇవ్వండి. మీ వీధిలో సౌండ్ తగ్గించమని అడగండి. హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి తిరగడం కన్నా ఈ కాగితమే త్వరగా పనిచేస్తుంది. ఇంకో మాట, ప్రచార వాహనం అద్దం మీద అనుమతి పత్రం అతికించి ఉండాలి. ఆటో కనిపిస్తే ముందు అది ఉందో లేదో చూడండి. లేకపోతే సగం పని అయిపోయినట్టే. ఎన్నికల సంఘం ఫిర్యాదుల కోసం పెట్టిన సీ-విజిల్ యాప్‌లో అప్పటికప్పుడు ఫొటో గానీ రెండు నిమిషాల్లోపు వీడియో గానీ తీసి పంపండి. ఫోన్‌లో ముందే తీసి ఉంచుకున్నవి అది తీసుకోదు. పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. 100 నిమిషాల్లో దాని సంగతి తేల్చాలన్నది ఎన్నికల సంఘం పెట్టిన గడువు. స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి.

ఇక ఫోన్ కాల్స్. డీఎన్‌డీ ఎందుకు పనిచేయలేదంటే, అది వ్యాపార ప్రకటనల కోసం పెట్టింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు మాట్లాడేది వాణిజ్య సందేశాల గురించి. 'మేమేమీ అమ్మడం లేదు కదా' అని పార్టీలు తప్పించుకుంటాయి. అమ్మడం లేదన్న మాట ఎంతవరకు నిజమో నేను చెప్పను గానీ, చట్టం దృష్టిలో ఆ తేడా ఉంది.

కాబట్టి అటువైపు నుంచి కాకుండా ఎన్నికల సంఘం వైపు నుంచి రావాలి. ఇక్కడ చిన్న చరిత్ర చెప్పాలి. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల ప్రకారం చానళ్లలో రాజకీయ ప్రకటనలు అసలు వేయకూడదు. 2004 మార్చిలో మన ఉమ్మడి హైకోర్టు ఆ నిషేధాన్ని పక్కన పెట్టింది. ఆ విషయం సుప్రీంకోర్టుకు వెళ్తే, ఏప్రిల్ 13న ఆ కోర్టు ప్రకటనలు వేసుకోవచ్చు గానీ ముందుగా అధికారులకు చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలంది. మీ టీవీలో ఇవాళ మోగుతున్న ప్రకటనల మూలం ఆ కేసే. తర్వాత ఎన్నికల సంఘం ఆ షరతును మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లకూ, రికార్డెడ్ కాల్స్‌కూ వర్తింపజేసింది. జిల్లాలో ఈ పని చూసేది ఎంసీఎంసీ అనే కమిటీ.

అందుకే కాల్ వచ్చినప్పుడు విసుక్కుని కట్ చేసేయకుండా ఒక్కసారి ఓపిక పట్టి నంబరు, తేదీ, సమయం, ఎవరి గొంతు, ఏ అభ్యర్థి పేరు చెప్పారు అన్నవి రాసిపెట్టుకోండి. వీలైతే రికార్డు చేయండి. వాటితో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే మీ కలెక్టరుకు, ఫిర్యాదు ఇచ్చి రెండు ప్రశ్నలు అడగండి: దీనికి సర్టిఫికెట్ ఉందా? దీని ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపించారా? రెండో ప్రశ్నే వాళ్లకు గుచ్చుకుంటుంది. నోటీసుకు భయపడని అభ్యర్థి కూడా లెక్కలో ఖర్చు కలుపుతారంటే భయపడతాడు.

మీ నంబరు వాళ్లకెలా దొరికిందన్నది వేరే కథ. పార్టీలకిచ్చే ఓటర్ల జాబితాలో ఫోన్ నంబర్లు ఉండవు. అంటే మీ నంబరు ఇంకెక్కడినుంచో వెళ్లింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చినా, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 2025 నవంబరులో వచ్చిన నియమాలు 18 నెలల గడువు పెట్టాయి. అందాకా దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

గోడ విషయం తేలిక. యజమాని అనుమతి లేకుండా రాతలు, జెండాలు, బ్యానర్లు పెట్టకూడదని ప్రవర్తనా నియమావళే చెబుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో బహిరంగ ప్రదేశాల వికృతీకరణను అరికట్టే 1997 నాటి చట్టం కూడా ఉంది. 'మీ ఇంట్లో వాళ్లే ఒప్పుకున్నారు' అంటే కాగితం చూపించమనండి.

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మీకు కాస్త ఊరట. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఆ సమయంలో సభలు, టీవీల్లో ప్రచారం నిషేధం. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. మూకుమ్మడి రాజకీయ ఎస్సెమ్మెస్‌లూ ఆపాలి. పత్రికా ప్రకటనలు ఈ సెక్షన్‌లోకి రావు. పోలింగ్ రోజున, అంతకు ముందు రోజున వేసేవాటికి సర్టిఫికెట్ ఉంటే చాలు. ఇంటింటికీ తిరిగి ఓటడగడం కూడా తప్పు కాదు, కాబట్టి తలుపు తట్టేవాళ్లు మాత్రం వస్తారు.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నదే. మన దేశంలో ఓటు వేయకపోతే శిక్ష లేదు, జరిమానా లేదు. వేయలేదన్న కారణంతో జాబితాలోంచి పేరు తీసేయడానికీ వీల్లేదు. ఎవరూ నచ్చకపోతే 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా మీట ఉంది. అది మీ ఇష్టం. గోడ ఫొటో మాత్రం సున్నం వేయించే ముందు, ఇవాళే సీ-విజిల్‌లో తీసి పంపండి. ఫలితాలొచ్చి కోడ్ ఎత్తేస్తే ఎన్నికల సంఘం దారి మూసుకుపోయి, మునిసిపాలిటీ చుట్టూనో పంచాయతీ చుట్టూనో తిరగాల్సి వస్తుంది.