ఆటలో చప్పుడు మారితే...

ప్రశ్న: మా తమ్ముడు కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతాడు. ఆటలోని చప్పుళ్లను మార్చే కొత్త సౌండ్ ప్యాక్ వేసినప్పటి నుంచి, దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్ అనే జీవి ఏ పక్క ఉందో తెలియట్లేదంటున్నాడు. హెడ్‌ఫోన్ మార్చాలా?
– ఒక అక్క, కావలి

జవాబు: హెడ్‌ఫోన్‌కి డబ్బులు పెట్టకండమ్మా. ముందు ప్యాక్‌లోని ఫైల్ చూడండి. ఈ ఆట మోనో (ఒకే చానల్) ఫైల్‌కే కుడిఎడమలు, దూరం లెక్కగట్టి వినిపిస్తుంది. స్టీరియో (రెండు చానళ్ల) ఫైల్ పెడితే రెండు చెవుల్లోనూ ఒకేలా మోగుతుంది, దూరమైనా తగ్గదు. క్రీపర్ దగ్గర ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అది అరుస్తూ రాదు. బుస మొదలైన 1.5 సెకన్లకు పేలుతుంది. ఈలోగా 7 బ్లాకులు దాటి తప్పుకుంటే ఆగిపోతుంది. ఎటు తప్పుకోవాలో చెప్పేది ఆ బుసే.

ప్యాక్ జిప్ విప్పి, సౌండ్స్ ఫోల్డర్‌లో ‘ర్యాండమ్’ లోపలున్న ‘ఫ్యూజ్’ ఫైల్‌ను, అంటే ఆ బుసను, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ట్రాక్స్ మెనూలో మిక్స్‌కి వెళ్లి మోనో చేయండి. మొదట్లో నిశ్శబ్దం ఉంటే కత్తిరించేయండి. అర సెకను ఖాళీ ఉన్నా, తప్పించుకునే సమయంలో మూడోవంతు పోయినట్టే. అదే పేరుతో ఓజీజీ అనే ఆడియో ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, ఆటలో ఎఫ్3, టి కలిపి నొక్కితే కొత్త ఫైల్ ఎక్కుతుంది. ఎంపీ3 పెడితే మోగదు. టీఎన్‌టీ అనే పేలుడు బ్లాకు వత్తికీ ఇదే ఫైల్, కాబట్టి ఆ చప్పుడూ మారుతుంది.

సౌండ్ సెట్టింగుల్లో సబ్‌టైటిల్స్ కూడా ఆన్ చేయించండి. ఏం మోగిందో అక్షరాల్లో వస్తుంది, ఏ పక్కో బాణం గుర్తు చూపిస్తుంది. మన ఎండాకాలం కూలర్ హోరులో ఆడే పిల్లలకు ఇది చాలా అవసరం. వినికిడి తక్కువున్న పిల్లలకైతే మరీను.

ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్‌లోని పాతాళం లాంటి లోకం నెదర్‌లో పాత వీడియోల్లోని అడుగుల చప్పుడే నాకిష్టం. తిరిగి తెచ్చుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: తెచ్చుకోవచ్చు. 2020లో వచ్చిన 1.16 వెర్షన్ దాకా, నెదర్ నేలంతా పరుచుకుని ఉండే నెదర్‌రాక్ అనే బ్లాకుకి రాయి చప్పుడే ఉండేది. ఆ రాయి ఫైళ్లు ఇప్పటికీ ఆటలోనే ఉన్నాయి, ఎక్కడా వెతకక్కర్లేదు. ఏ చప్పుడుకి ఏ ఫైల్ మోగాలో రాసుండే, మీ ప్యాక్‌లోని సౌండ్స్ జేసన్ ఫైల్‌లో నెదర్‌రాక్ అడుగుల వరుసకు వాటి పేర్లు రాసి, ‘రీప్లేస్’ను ‘ట్రూ’ చేయండి. అది మరిచిపోతే పాతదీ కొత్తదీ కలగాపులగంగా మోగుతాయి. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే ఉండాలి.

అయితే మా సలహా, మార్చకపోవడమే మేలు. కాలికింద ఏ బ్లాకుందో చూడకుండానే చెప్పే సౌకర్యం పోతుంది. సర్వర్‌లో ఆడినా ఈ మార్పు మీ చెవికే, పక్కవాళ్లకు కాదు. కళ్లు లేని వార్డెన్ అనే రాక్షసికీ తేడా తెలియదు: అది పసిగట్టేది ఆట లెక్కలోని కంపనాన్ని, మీ ఫైల్‌ను కాదు. వాల్యూమ్ సున్నా చేసినా వస్తుంది. వంగి నడిస్తే అడుగులు దానికి అందవు.