రాత్రి తొమ్మిదింటి పాట

మెట్టుగూడ, సికింద్రాబాద్

బిడ్డా,

వందనాలు. అల్లుడికీ పిల్లలకూ కూడా చెప్పు. మొన్న ఫోన్లో నువ్వు అంత గాబరాగా అడిగేసరికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నీ దగ్గర ఒకపక్క కుక్కర్ విజిల్, ఇంకోపక్క చిన్నదాని ఏడుపు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

పెద్దోడు చర్చికి రానంటున్నాడు, బోర్ అంటున్నాడు, తొమ్మిదేళ్లకే ఇలా ఉంటే రేపు చేతికొచ్చాక ఎలా అని కదా నీ దిగులు. ఏ యాప్ పెట్టాలి, ఏ పుస్తకాలు కొనాలి అని అడిగావు. ఏమీ కొనకు. ముందు వాడు చెప్పేది నిజమో కాదో చూడు. రెండున్నర గంటల ఆరాధన, అందులో ప్రకటనలకే అరగంట. నాకే కాళ్లు లాగుతాయి. వాడికి విసుగు రావడంలో వింతేముంది? మీ నాయన, నా తమ్ముడే, చిన్నప్పుడు ప్రసంగం మొదలవగానే బెంచీ కింద దూరి నిద్రపోయేవాడు. ఇవాళ అదే మనిషి సంఘ పెద్ద. వాణ్ణి అడుగు, ఒప్పుకోడు.

నేను సండే స్కూల్లో ఇరవై ఆరేళ్లు చెప్పాను. బైబిల్లోని నోవహు ఓడ ఎన్ని మూరల పొడవో, ఎన్ని మూరల ఎత్తో బోర్డు మీద గీసి మరీ చెప్పేదాన్ని. ఈమధ్య మోండా మార్కెట్లో ఒకతను "టీచర్, వందనాలు" అని ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. నేను చెప్పిన పాఠం ఒక్కటైనా గుర్తుందా అంటే తల గోక్కున్నాడు. ఆ తర్వాత కూరగాయల సంచి కింద పెట్టి, ఒకటో తరగతిలో నేర్పిన అభినయ పాటను చేతులూపుతూ మొదటి నుంచి చివరిదాకా పాడాడు. టమాటాలమ్మే ఆవిడ చప్పట్లు కొట్టింది. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం చిన్నతనంగానూ అనిపించింది. ఓడ కొలతల మీద అంత కష్టపడ్డాను మరి!

నీకు ఇంకొకటి గుర్తుందో లేదో. 1998 వానాకాలం, మీ నానమ్మకు, అంటే మా అమ్మకు, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అప్పుడు నీకు ఏడేళ్లు. నీళ్లు కావాలంటే "నీళ్లు" అనలేక గ్లాసు వైపు చూసి కళ్లనీళ్లు పెట్టుకునేది. ఒక రాత్రి నేను మంచం మీద దుప్పటి మారుస్తూ అలవాటు కొద్దీ ఒక కీర్తన పల్లవి కూనిరాగం తీశాను. రెండో పాదం అమ్మ అందుకుంది. ముద్దముద్దగా కాదు, మాట మాటా స్పష్టంగా. నాలుగు చరణాలూ పాడింది. నువ్వు గుమ్మంలో గౌను అంచు నములుతూ నిలబడి చూస్తున్నావు. పాట అయిపోయాక ఏదో అడగబోయింది, మళ్లీ నోట మాట రాలేదు. నర్సు పని చేసినదాన్ని, మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవాళ్లకు కూడా పాటలో పదాలు పలుకుతాయని వార్డులో చూశాను. చదువుకున్నాను కూడా. అయినా అమ్మ నోట వినేసరికి నా చేతిలో దుప్పటి జారిపోయింది.

ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఒకటుంది. మీ నానమ్మకు అక్షరం ముక్క రాదు. మెదక్ పక్క పల్లెలో, రాత్రి అన్నాలయ్యాక మా నాయన, అంటే మీ తాత, లాంతరు ముందు పెట్టుకుని కీర్తనల పుస్తకంలో ఒక పాదం చదివేవాడు. అమ్మ ఆ పాదం పాడేది. నిద్రమత్తులో మేమూ గొణిగేవాళ్లం. ఎప్పుడూ ఎవరూ మాకు భక్తి నేర్పుతున్నామని అనలేదు. పగలంతా పొలంలో నడుము వంచిన మనిషి పాట అయ్యాక ఒక్క నిమిషం కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ నిమిషం ఆమెకు అన్నం ఎంత అవసరమో అంత అవసరమని మాకు తెలిసిపోయేది. పిల్లలు మన బోధ వినరే, మనకు ఏది లేకపోతే గడవదో అది కనిపెడతారు.

కాబట్టి మీ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఒక పాట పెట్టుకో. ఫోన్లు ఛార్జింగులో పెట్టి, ముగ్గురో నలుగురో ఉన్నవాళ్లు కూర్చోండి. ఒక పాట, ఒక చిన్న వాక్యం, అందరూ ఒక్కో మాట ప్రార్థన. పది నిమిషాలు మించనివ్వకు. అల్లుడు ఆఫీసు కాల్‌లో ఉంటే ఆగకు. కాల్ అయ్యాక వచ్చి కూర్చుంటాడు, కూర్చోకపోయినా పక్కగదిలోంచి వింటాడు. నెలంతా ఒకటే పాట. పిల్లలు "మళ్లీ ఇదేనా" అంటారు. అననీ. మూడో వారానికి స్నానం చేస్తూ పాడతారు చూడు.

యూట్యూబులో ట్రాక్ పెట్టి దానితో పాడకండి. ట్రాక్ పాడితే మనం వింటాం, అంతే. అల్లుడి గొంతు బాగోదని నువ్వు నవ్వుతావు. నవ్వకు. శ్రుతి తప్పినా సరే తండ్రి గొంతే పిల్లాడి చెవిన పడాలి. రేపు వాడికి ముప్పై ఏళ్లొచ్చాక, ఏ ఊళ్లోనో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ అపశ్రుతే గుర్తొస్తుంది.

పెద్దోడికి తెలుగు చదవడం రాదు కదా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఇస్తున్నానన్నావు. మానేయి. చదువురాని నానమ్మ ఎలా నేర్చుకుందో వాడూ అలాగే నేర్చుకుంటాడు, పాదం తర్వాత పాదం, చెవితో. కాకపోతే రోజుకు ఒక్క మాటకు అర్థం చెప్పు. చెప్పకపోతే ఏమవుతుందో విను. మా క్లాసులో ఒక పిల్లాడు బైబిల్లోని ఇరవై మూడో కీర్తన కంఠతా పట్టి, "యెహోవా నా కాపరి, నాకేమీ కలుగదు" అని గట్టిగా అప్పజెప్పాడు. తప్పురా, "లేమి కలుగదు" అనాలి అంటే, లేమి అంటే ఏంటి టీచర్ అన్నాడు. క్లాసులో ఒక్కరికీ తెలీదు. లేకపోవడమే లేమిరా, కలిమి లేములు అంటాం కదా అని చెప్పాను. "అంటే మా ఇంట్లో గ్యాస్ అయిపోవడమా?" అన్నాడు. ఆ ఉదయం వాళ్లింట్లో నిజంగానే గ్యాస్ అయిపోయిందట. ఇక ఆ మాటను వాడు మరిచిపోతాడా!

కొత్త పాటలా, పాత కీర్తనలా అని నీకూ మీ ఆడపడుచుకూ వాదన నడుస్తోందని విన్నాను. కీబోర్డు, డ్రమ్స్ ఉన్న పాటలు పిల్లలకు హుషారు, వద్దనను. కానీ నెలనెలా మార్చే పాటల్లో సగమైనా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోంచి తీసుకో. పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పల్లవి, చరణాల కట్టుబడిలో అచ్చంగా మన చెవికి అలవాటైన పాట అది. దొరల భాష నుంచి తర్జుమా చేసిన పాటలు కూడా అందులో ఉన్నాయి, వాటిలో కొన్ని నాకు ప్రాణం. కానీ అనువాదంలో ఒక్కోచోట మాట ఒక దారి, వరస ఒక దారి పడతాయి. పురుషోత్తమ చౌదరి రాసినవి పాడి చూడు, ఆ ఇబ్బంది ఉండదు. ఆయన 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే తెలుగు పద్యం, సంగీతం ఒంటబట్టిన మనిషి కాబట్టి కొత్త విశ్వాసాన్ని ఆ తెలుగులోనే పాడుకున్నాడు. క్రైస్తవం మనకు అరువు సరుకని మీ అపార్ట్‌మెంటులో ఎవరో అన్నారని చిన్నబుచ్చుకున్నావే, వాళ్లతో వాదించకు. మీ పిల్లలకు ఒక కీర్తన నేర్పు, చాలు.

ఇక చర్చి సంగతి. కొండాపూర్ నుంచి ప్రతి ఆదివారం మన సికింద్రాబాద్ చర్చికే రావాలని మీ నాయన పట్టుబడుతున్నాడు. వాడి మాట వినకు. పొద్దున్నే పిల్లల్ని తిట్టి లేపి, ట్రాఫిక్‌లో ఒకరినొకరు కసురుకుంటూ, సగం ఆరాధన అయ్యాక వచ్చి చివరి బెంచీలో కూలబడితే ఏం లాభం? మీకు దగ్గర్లో ఇరవై నిమిషాల్లో చేరే సంఘం చూసుకోండి. క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ, కోత పండుగకీ ఇక్కడికి రండి. వేలమంది కూర్చునే పెద్ద మందిరాలు మీ వైపు ఉన్నాయి, పెద్ద తెరలు, మంచి సౌండు. వెళ్లొద్దని అనను. పిల్లాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు పదిమంది ఉన్న చోటైతే నాకు ఇంకా ఇష్టం. వాడు ఒక ఆదివారం రాకపోతే "ఏడీ మీవాడు?" అని అడిగే ముసలమ్మ ఒకతి ఉండాలి.

అక్కడ వాడికి ఏదో ఒక పని ఇప్పించు. కుర్చీలు వేయడం, పాటల పుస్తకాలు పంచడం, కానుకల సంచి పట్టుకోవడం. కంజీర ఇవ్వమని అడుగు, ఇస్తే ఇక బోర్ మాటే ఎత్తడు. తల కొంచెం నొప్పి పుడుతుంది పక్కవాళ్లకు, ఓర్చుకుంటారు. డిసెంబరులో క్యారల్స్‌కు తప్పకుండా పంపించు. రాత్రి పన్నెండు దాటాక చలిలో ఎవరింటి ముందో పాడి, వాళ్లు ఇచ్చిన వేడి టీ, కేకు ముక్క తిని, తిరిగొస్తూ వ్యాన్‌లో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోవడం ఉంటుంది చూడు, దానికి సాటి వచ్చే పాఠం నా సండే స్కూల్లో లేదు. మర్నాడు స్కూలు పోతే పోయింది.

సంఘం ఎందుకో నాకు 2011లో తెలిసింది. మీ మామ పోయాక నేను నలభై రోజులు పాట పాడలేదు. నోరు తెరిస్తే ఏడుపే. స్త్రీల కూడిక వాళ్లు ప్రతి సాయంత్రం నలుగురైదుగురు వచ్చేవాళ్లు. ఓదార్పు మాటలు వాళ్లకూ పెద్దగా తెలీవు. చాప పరుచుకుని కూర్చుని పాడేవాళ్లు, ఒకావిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమేది. నేను గోడకు ఆనుకుని వినేదాన్ని. అన్ని రోజులూ నా బదులు వాళ్లే నమ్మారు అనిపిస్తుంది. ఒక సాయంత్రం ఎవరో రెండో చరణం మరిచిపోయి ఆగిపోయారు. అలవాటున నేను అందించాను. అంతే, ఇక ఆగలేదు.

ఆ సంఘమే తర్వాత రెండేళ్లకు పెద్దల ఎన్నికల్లో రెండు ముక్కలైంది. చాప మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు వందనం చెప్పుకోవడం మానేశారు. ఇది నీకెందుకు చెప్తున్నానంటే, పిల్లల దగ్గర చర్చిని స్వర్గంలా చూపించకు, పదిహేనేళ్లకు వాళ్లే కనిపెట్టి నీ మాట నమ్మడం మానేస్తారు. అలాగని ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తింటూ అయ్యగారి ప్రసంగాన్ని ఉతికి ఆరేయకండి. మేం ఆ తప్పు చేశాం. మా అబ్బాయి ఇరవై ఏళ్లకు చర్చి మానేసినప్పుడు, "మీరే కదమ్మా రోజూ తిట్టేది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వస్తున్నాడులే, వాళ్లావిడ పుణ్యమా అని.

దేవుడి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టకు. అన్నం పారేస్తే యేసయ్య కొడతాడు, అబద్ధం చెప్తే చూస్తున్నాడు అంటూ పోలీసును చేయకు. ప్రార్థనను శిక్షగా వాడకు. దేవుడున్నాడని నీకెలా తెలుసు అని వాడు అడిగితే గదమాయించకు, నీకు తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. అల్లుడు ఇంకా మనసు పెట్టడం లేదని కుమిలిపోకు. బైబిల్లో పౌలు శిష్యుడు తిమోతి సంగతి చూడు. తండ్రి గ్రీసు దేశస్థుడు, ఆయన విశ్వాసం గురించి ఒక్క ముక్క లేదు. పౌలు తన ఉత్తరంలో తలుచుకున్నది అవ్వ లోయిని, తల్లి యునీకేను.

డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని మెదక్ పెద్ద చర్చి చూడ్డానికి తీసుకెళ్దాం. వంద కిలోమీటర్లే, పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చు. పెద్దోడికి లెక్కలంటే ఇష్టం కదా: 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురం. కరువులో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర మొదలుపెట్టిన గుడి అది, పదేళ్లు కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. మా తాత అక్కడ రాళ్లు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. రంగు అద్దాల కిటికీలు ఎండ ఉన్నప్పుడే వెలుగుతాయి, చీకటి పడితే ఏమీ కనపడదు, అందుకని పెందలాడే బయల్దేరాలి. క్రిస్మస్ రోజు మాత్రం వద్దు, ఆ జనంలో చిన్నది తప్పిపోతుంది.

ఈ శనివారం నేనే మీ ఇంటికి వస్తున్నా. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తిన్నగా రాయదుర్గం, మారే పని లేదు. అల్లుణ్ణి ఆరింటికి స్టేషన్ దగ్గర ఉండమను. తాత కీర్తనల పుస్తకం తెస్తున్నా, అట్ట ఊడింది, మైదా పిండితో అతికించాను. ఒక్కోచోట ఆయన పెన్సిల్‌తో "ఈ వరస ఆమెకు తెలుసు" అని రాసుకున్నాడు. ఆమె అంటే అమ్మే. అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. అందులోంచే మొదటి నెల పాట పెద్దోణ్ణే ఏరుకోమందాం. సకినాలు కూడా ఉన్నాయి, చిన్నదానికి కారం తక్కువ వేశాను.

మీ అత్తమ్మ