తాడు వాళ్ల చేతికివ్వు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్‌లో ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, శనివారాలు స్కూలు పిల్లలకి గైడ్ కెప్టెన్‌గా, అంటే స్కౌట్స్‌లాంటి ఆడపిల్లల దళానికి పెద్దగా ఉంటానని ఎంతమంది ముందుకొస్తారు? సంతోషంలో అన్నీ కలిపేసి చెప్పాను. ఇరవయ్యేడేళ్లు ఇష్టంగా చేసిన పని కదా, కాస్త స్థిమితంగా రాద్దామని కూర్చున్నాను.

ముందు కాగితాల పని. జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘం కార్యదర్శిని వెళ్లి కలువు. టీచరువి కాదని సంకోచించకు. స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారి అనుమతి నోటిమాటగా వద్దు, రాయించుకో. పోలీసు వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోవద్దు. అడగకపోయినా నువ్వే తెచ్చి ఇవ్వు. పిల్లల్ని మన చేతిలో పెడుతున్నవాళ్లకి మన గురించి తెలుసుకునే హక్కుంది. ఆ తర్వాత బేసిక్ కోర్సు. ఏడు రోజులు అక్కడే ఉండాలి, కాబట్టి సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో. అదయ్యాక వారెంట్, అంటే కెప్టెన్‌గా నియామక పత్రం ఇస్తారు. అడ్వాన్స్‌డ్ కోర్సు, మెడలో రెండు చెక్కపూసలు వేసే హిమాలయ వుడ్ బ్యాడ్జ్, అవన్నీ తర్వాత సంగతి.

కోర్సులో ముడులు వేయడం, టెంట్ కట్టడం, కట్లు కట్టడం అన్నీ నేర్పుతారు. ఒక్క విషయం మాత్రం వాళ్లు చెప్పినా నాకు ఒంటబట్టడానికి మూడేళ్లు పట్టింది. పిల్లలు చేయాల్సిన పని మనం చేయకూడదు.

మా మొదటి క్యాంపుల్లో అన్నీ నేనే చేసేదాన్ని. టెంట్ తాళ్లు వదులైతే నేనే బిగించేదాన్ని. కూరలో ఉప్పు నేనే చూసేదాన్ని. పిల్లలు చుట్టూ నిలబడి చూసేవాళ్లు. క్యాంపు బ్రహ్మాండంగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. ఇంటికెళ్లాక ఒక పిల్ల వాళ్లమ్మ, "మా అమ్మాయి ఏం నేర్చుకుందండీ?" అని మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మూడో ఏడాది క్యాంపులో వంట వంతు మల్లె పెట్రోల్‌కి వచ్చింది. పెట్రోల్ అంటే దళంలో ఒక చిన్న జట్టు. ఏడుగురు పిల్లలు, లీడర్‌కి పదమూడేళ్లు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు. పొగకి అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. ఆ లీడర్ పిల్ల గిన్నెలో బియ్యం పోసి, నీళ్లు పోస్తూనే ఉంది. అది జావ అవుతుందని నాకు తెలుస్తోంది. రెండడుగులు ముందుకేశాను. ఆగాను. చేతులు వెనక్కి కట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డాను. అనుకున్నట్టే ముద్దయిపోయింది, అడుగు మాడింది కూడా. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కానీ మిగతా ఆరుగురూ ఏమీ అనలేదు. ఆవకాయ కలుపుకుని తినేశారు. ఆ రాత్రి వాళ్లలో వాళ్లే కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ బియ్యం మీద వేలు ఆనించి, నీళ్లు ఒక కణుపు దాకా పోస్తుందని చెప్పిందట. మర్నాడు పొద్దున ఆ లీడర్ పిల్ల గిన్నెలో వేలు పెట్టి కొలుస్తుంటే ఆరు తలలు గిన్నె మీదికి వంగాయి. అన్నం పొడిపొడిగా వచ్చింది. నాకు తెచ్చి పెట్టారు. అంత రుచైన అన్నం నేను మళ్లీ తినలేదు.

అలాగని గాలికి వదిలేయమని కాదు. నిప్పు దగ్గర, నీళ్ల దగ్గర, రోడ్డు దగ్గర మాట మనదే. గోదావరి ఒడ్డున ఎన్నో క్యాంపులు పెట్టాను, ఒక్క పిల్లని కూడా రేవులోకి దిగనివ్వలేదు. ఈత వచ్చని ఏడ్చినా దిగనివ్వలేదు. ఆ కోపం ఓ గంట ఉంటుంది, అంతే.

ఒకేసారి ముప్పైమందిని చేర్చుకోకు. స్కూలువాళ్లు లిస్టు మొత్తం ఇచ్చేస్తామంటారు, వద్దను. ఎనిమిది మందితో మొదలుపెట్టి మూడు నెలలు వాళ్లతోనే పనిచెయ్యి. రేపు పెట్రోల్ లీడర్లు అయ్యేది వాళ్లే. పెట్రోల్‌కి ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. ఏ పని అయినా లీడర్‌కి చెప్పు, లీడర్ మిగతావాళ్లకి చెబుతుంది. మాటలు బాగా వచ్చిన పిల్లనే లీడర్‌ని చేయాలనిపిస్తుంది. కాస్త ఆగి చూడు. కిందపడ్డ పిల్ల చెప్పులు ఎవరు ఏరి తెచ్చారో గమనించు.

శనివారం గంటన్నర చాలు, కానీ శనివారం అంటే శనివారమే. వరసగా రెండు వారాలు నువ్వు రాకపోతే మూడో వారం వాళ్లు రారు. బ్యాంకులో ఆడిట్ టెన్షన్ ఉంటే ముందే చెప్పి, ఆ వారం ఎవరు చూసుకుంటారో ఏర్పాటు చెయ్యి. నీతోపాటు ఇంకొక పెద్ద మనిషి ఉండాలి. ఇది సాయం కోసమే కాదు.

ఇక్కడ కాస్త కచ్చితంగా చెబుతున్నాను. ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకు. మాట్లాడాల్సి వస్తే వరండాలో, నలుగురికీ కనిపించేచోట కూర్చో. స్కూటీ మీద ఒక్క పిల్లనే ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపే అలవాటు పెట్టుకోకు. పిల్లలకి విడిగా వాట్సాప్ మెసేజ్‌లు వద్దు. తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టు. ఫోటోలు అడక్కుండా స్టేటస్‌లో పెట్టకు. క్యాంపులో పెద్దవాళ్ల టెంట్ వేరు. నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నువ్వు అలా ఉంటే, రేపు ఎవరైనా అలా ఉండకపోతే అది తేడా అని పిల్లలకే తెలుస్తుంది.

నీ సంచిలో ఎప్పుడూ ప్యాడ్లు, ఒక జత కొత్త లోదుస్తులు, ఒక నల్ల చున్నీ ఉండాలి. క్యాంపులో మొదటిసారి పెద్దమనిషి అయిన పిల్లలు నా దగ్గర నలుగురున్నారు. ఒక పిల్ల తనకేదో జబ్బు చేసిందనుకుని పొద్దుట్నుంచి ఎవరికీ చెప్పకుండా టెంట్ వెనకాల కూర్చుంది. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. వేడి నీళ్లు పెట్టించాను. సాయంత్రం జెండా దించేటప్పుడు తన వరసలో తను నిలబడింది. వాళ్లమ్మకి ఫోన్ చేసి, "పిల్ల బాగుంది, ఉండాలంటే ఉండనివ్వండి" అన్నాను. ఉంది.

ఇంకోటి. ఏదో ఒక రోజు ఏదో ఒక పిల్ల నీ దగ్గరికొచ్చి, "అక్కా, ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టేయి" అంటుంది. ఒట్టు వేయకు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకి మాత్రమే చెబుతాను" అను. తర్వాత విను. మధ్యలో ప్రశ్నలు గుచ్చకు, "నువ్వెందుకెళ్లావు" అని పొరపాటున కూడా అనకు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పరువు పోతుందని సర్దిచెప్పడానికి పెద్దమనుషులు వస్తారు. మా ప్రాంతంలో అలా ఒకసారి సర్దేశారు. నేనప్పుడు గట్టిగా నిలబడలేదు. ఆ పిల్ల చదువు మానేసింది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. పిల్లల సాయానికి ఉన్న హెల్ప్‌లైన్ 1098 నంబర్ నీ ఫోన్‌లోనే కాదు, ప్రతి పిల్లకీ కంఠతా వచ్చి ఉండాలి.

యూనిఫాం కొనలేక ఆగిపోయే పిల్లలుంటారు. వాళ్లు అడగరు, "నాకు ఇంట్రస్టు లేదు మేడం" అంటారు. ఆ మాట నమ్మేయకు. స్కార్ఫ్ ఒక్కటి మెడలో వేసి రమ్మను, మిగతాది మెల్లగా చూద్దాం. పాత పిల్లల యూనిఫాంలు ఉతికించి బీరువాలో పెట్టుకునేదాన్ని నేను. ఎవరివి ఎవరికి ఇచ్చానో మూడో మనిషికి తెలియనివ్వలేదు. మన దేశంలో స్కౌటింగ్ మొదలైన రోజుల్లో మన పిల్లల్ని చేర్చుకునేవారే కాదు, తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే అది. మద్రాసులో అనీబిసెంట్, ఉత్తరాదిన మాలవీయ లాంటివాళ్లు మన పిల్లల కోసం వేరే సంఘాలు పెట్టాల్సి వచ్చింది. అవన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది 1950 నవంబర్ 7న. గైడ్స్ కథ అంతకన్నా బాగుంటుంది. 1909లో లండన్‌లో స్కౌట్ల ర్యాలీకి ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మాకూ కావాలని అడిగారు. మరుసటి ఏడాదే స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ తన చెల్లెలు ఆగ్నెస్ సాయంతో గైడ్స్ మొదలుపెట్టాడు. ఈ కథ నీ మొదటి శనివారం చెప్పు. మన పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో చూద్దువుగాని.

ఆదివారం మీ పెదనాన్న రాజమండ్రి వస్తున్నారు. నా విజిల్, తాడు ఆయనతో పంపుతున్నాను. తాడు కొసలు విడిపోతుంటే దారంతో గట్టిగా చుట్టి పెట్టాను. కోర్సుకి వెళ్లేలోపు వంటింట్లో కుర్చీ కాలికి క్లోవ్ హిచ్, రీఫ్ నాట్ అనే ముడులు రోజుకి పదిసార్లు వేసి చూడు. కళ్లు మూసుకుని వేయడం వచ్చాక నాకు ఫోన్ చెయ్యి, బోలైన్ ఎలా వేయాలో చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ