ముందు చక్రం మడ్గార్డు గురించి బుజ్జికి

బుజ్జీ,

సైకిల్‌కి మడ్గార్డులు కొన్నావని, ఆదివారం ఇంట్లోనే బిగించుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని. షాపులో ఇస్తే గబగబా బిగించి ఇచ్చేస్తారు, కాదనను, కానీ సైకిల్ స్టాండ్ మీద ఉండగా చక్రం తగలకుండా తిరిగితే వాళ్ళ పని అయిపోయినట్టే. నువ్వు దాని మీద హైదరాబాద్ గుంతల్లో ఆఫీసుకి వెళ్ళాలి.

ముందుగా ఒక మాట. వెనకది ఒక్కటి పెట్టుకుని ముందుది వదిలేద్దామనుకుంటున్నావట, అలా చెయ్యొద్దమ్మా. వీపు మీద బురద చార కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరికీ వెనక చక్రమే గుర్తొస్తుంది. అసలు నష్టం ముందు చక్రంతో. అది చిమ్మే నీళ్ళు నేరుగా నీ బూట్ల మీదికి, చైన్ మీదికి, పెడల్స్ తిరిగే ఇరుసు మీదికి వెళ్తాయి, కాస్త స్పీడులో ఉంటే పైకి లేచి గాలికి కళ్ళల్లో పడతాయి. రోడ్డు మీద వాన నీళ్ళంటే ఇసుక, డ్రైనేజీ, డీజిల్ అన్నీ కలిసిన నీళ్ళు. ఆ ఇసుక చైన్‌లో చేరితే లింకులు అరిగిపోతాయి. అందుకే నీ టైమంతా ముందుదాని మీద పెట్టు, వెనకది దానంతట అదే కుదురుతుంది.

పెట్టె విప్పే ముందు టైరు పక్కన నంబరు చూడు, 37-622 లాంటిది ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ము కొలత. 700 సైజు అనేది ఈ 622నే. టైరు 37 అయితే మడ్గార్డు వెడల్పు కనీసం 45 ఉండాలి, 50 అయితే ఇంకా హాయి. 26 అంగుళాల ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) చక్రానికి చేసింది తెచ్చి ఉంటే మాత్రం మార్చుకురా, ఆ చక్రం 559, ఆ వంపు నీ చక్రానికి సరిపోదు, చివర్లు టైరుకి దగ్గరగా వచ్చేస్తాయి.

చక్రం ఫోర్క్‌లో, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్ళలో, సరిగ్గా మధ్యలో కూర్చుందో లేదో చూసుకో. బెండు ఉంటే ముందు అది తీయించు. వంకర చక్రానికి తగ్గట్టు మడ్గార్డుని సర్దితే రేపు చక్రం బాగుచేయించాక మళ్ళీ మొదటికొస్తుంది. 4, 5 అలెన్ కీలు, 8, 10 నంబర్ స్పానర్లు, ఒక ఆక్సా బ్లేడు, ఆకురాయి దగ్గర పెట్టుకో, ఇంతకంటే అక్కర్లేదు.

పొట్టి చివర ముందుకి, పొడుగు చివర వెనక్కి ఉండాలి. ఫోర్క్ పైన ఉన్న బోల్టు, కింద చక్రం ఇరుసు పక్కన బెజ్జాల్లో మడ్గార్డుని పట్టుకునే సన్న కడ్డీల బోల్టులు, అన్నీ చేత్తోనే ఎక్కించు. కొత్త సైకిళ్ళకి ఆ బెజ్జాల్లో పెయింటు నిండి ఉంటుంది, బలవంతం చేస్తే మరలు పోతాయి, చుక్క నూనె వేసి బోల్టుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ దారి చెయ్యి. మూడు నాలుగు చుట్లు చేత్తో తిరిగాకే కీ పట్టుకో. డిస్క్ బ్రేక్ ఉన్న వైపు కడ్డీ కాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కే బ్రేకు భాగానికి) అడ్డొస్తే కాస్త పొడుగు బోల్టు తీసుకుని మధ్యలో చిన్న గొట్టం ముక్క వెయ్యి, కడ్డీ బయటికి జరుగుతుంది. ఫోర్క్ దగ్గర రేకుకీ బోల్టుకీ మధ్య పాత ట్యూబు ముక్క కోసి వాషర్‌లా పెట్టు. అది లేకపోతే అదురుకి బెజ్జం చుట్టూ చీలిక వస్తుంది.

ఇప్పుడు సందు. టైరుకీ మడ్గార్డుకీ మధ్య నీ చిటికెన వేలు ఆడుతూ దూరాలి, ఒక్క చోట కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. సైకిల్ ముందుకెళ్తుంటే టైరు వెనక వైపున్న కింది చివర నుంచి మడ్గార్డులోకి వెళ్ళి ముందు చివర నుంచి బయటికొస్తుంది. కాబట్టి ముందు చివర సందు కాస్త ఎక్కువున్నా పర్లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. చిన్న రాయో పుల్లో లోపలికి దూరితే ముందుకెళ్ళేకొద్దీ దానికి దారి దొరకాలి, ఇరుక్కుపోకూడదు.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. ముందు చక్రంలో పుల్ల ఇరుక్కుంటే మడ్గార్డు నలిగి టైరు కిందికి మడత పడుతుంది, చక్రం ఠక్కున ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకి పడతారు. అందుకే మంచి మడ్గార్డుల్లో ముందు కడ్డీల చివర ప్లాస్టిక్ సేఫ్టీ క్లిప్ ఉంటుంది, గట్టిగా లాగితే ఊడొచ్చేది. ఊడిపోతుంది కదా అని దాన్ని వైరుతో కట్టెయ్యకు. ఊడటమే దాని పని. నువ్వు కొన్నదానికి ఆ క్లిప్ లేకపోతే ఇంకొంచెం డబ్బు పెట్టి ఉన్నది తీసుకో, తక్కువ పడితే నన్నడుగు.

ఫోర్క్ బోల్టు బిగించి, చక్రం తిప్పుతూ కడ్డీలని ఒక్కోటీ సర్దుకుంటూ బిగించు. కడ్డీలు పొడుగ్గా మిగులుతాయి, వెంటనే కొయ్యకు, ఒకసారి వీధి చివరిదాకా తొక్కి చూసి అప్పుడు కొయ్యి, కోసిన చోట ఆకురాయితో రుద్ది టోపీ పెట్టు, లేకపోతే పిక్క గీరుకుంటుంది. సీటు మీద కూర్చుని, పెడల్ ముందుకి పెట్టి హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడు, బూటు కొస మడ్గార్డుకి తగులుతోందేమో. కొద్దిగా తగిలితే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ట్రాఫిక్‌లోకి వెళ్ళకముందే ఖాళీ చోట అలవాటు చేసుకో.

కింద చివరకి రబ్బరు ఫ్లాప్ వేస్తే బూట్లు ఎంత పొడిగా ఉంటాయో నువ్వే చూస్తావు. దొరక్కపోతే ఖాళీ నూనె డబ్బా ప్లాస్టిక్ కోసినా సరిపోతుంది. నేలకి ఐదారు అంగుళాల ఎత్తులో ఆగాలి, అంతకంటే దిగితే స్పీడ్‌బ్రేకర్లకి రాసుకుంటుంది.

వెనకది కూడా ఇంతే, సీటు కింద అడ్డకడ్డీకి ఒకటి, పెడల్స్ వెనక ఒకటి, తర్వాత పక్క కడ్డీలు. ఫ్లాప్ దానికీ వెయ్యి, వెనక వచ్చేవాళ్ళ మొహం మీద నీళ్ళు పడవు.

సంక్రాంతికి సైకిల్ ఊరికి తెస్తానన్నావు. తారు రోడ్డు మీద ఎంతైనా తొక్కు, పొలాల డొంకలోకి మాత్రం తడి ఆరకుండా దిగొద్దు. మన నల్లరేగడి గారెపిండిలా అతుక్కుంటుంది, పది గజాలకే మడ్గార్డులో కూరుకుపోయి చక్రం తిరగదు, నెట్టినా కదలదు. దిగాల్సే వస్తే మడ్గార్డులు ఇంట్లో విప్పేసి వెళ్ళు.

మొదటి వారం తొక్కాక అన్ని బోల్టులూ ఒకసారి మళ్ళీ బిగించు, కొత్తవి అదురుకి తప్పకుండా వదులవుతాయి. టకటకమని చప్పుడొస్తే ఆగి చూడు, రేపు చూద్దాంలే అనుకోవద్దు. బిగించాక పక్క నుంచి ఒక ఫొటో, ముందు నుంచి ఒక ఫొటో పంపు. సందు కనిపించేలా తియ్యి.

మీ మామయ్య